కార్బన్ పన్ను వెరిఫికేషన్ ఖర్చు ఎవరిది: ఫ్యాక్టరీదా, వ్యాపారిదా?

అంబత్తూరు_బోల్టులు:
చెన్నై అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మాది చిన్న బోల్టుల యూనిట్. 9 ఏళ్లుగా ఇక్కడే ప్యారీస్ కార్నర్‌లో ఒక వ్యాపారి మా సరుకు కొని యూరప్‌కు పంపుతున్నారు. సరుకు తయారీలో వెలువడే కార్బన్‌ను బట్టి అక్కడ వేసే సరిహద్దు పన్నుకు (సీబ్యామ్) 2023 అక్టోబర్ నుంచి 2025 చివరి దాకా రిపోర్టులు ఇస్తే సరిపోయేది, 2026 జనవరి నుంచి డబ్బు లెక్క మొదలైంది. మొన్న ఆయన మెయిల్ పెట్టారు, మీ ఉద్గారాల లెక్క గుర్తింపు ఉన్న వెరిఫయర్‌తో తనిఖీ చేయించి ఇవ్వండి, ఖర్చు మీదే అని. నేను బిల్లు కొట్టేది చెన్నైలో, ఆయన పేరు మీద. ఎగుమతి ఆయనది, లాభం ఆయనది, ఖర్చు మాత్రం నాదా? ఇది వ్యాపారి బాధ్యతే అంటాను.

ప్యారీస్_వ్యాపారి:
ఆ వ్యాపారి నేను కాదు గానీ 20 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. చట్టం మీ మీదా లేదు, మా మీదా లేదు, అక్కడ దిగుమతి చేసుకునేవాళ్ల మీద ఉంది. 2026 సరుకుకు 2027 సెప్టెంబర్ 30 లోపు డిక్లరేషన్ ఇచ్చి, ఆ కార్బన్‌కు సరిపడా సర్టిఫికెట్లు కొని అప్పగించాల్సింది వాళ్లే. కానీ వాళ్లు చూపించే లెక్క సరుకు తయారైన చోటిది. మొదటి ఏడాది వెరిఫయర్ స్వయంగా వచ్చి చూడాలి. నా ఆఫీసుకొస్తే రెండు బల్లలూ ఒక బీరువా ఉంటాయండీ. ఫర్నేస్ మీది, గ్యాస్ బిల్లు మీది.

తిరుముడివాక్కం:
ఏడాదికి ఎన్ని టన్నులన్నా? 50 లోపు అయితే మినహాయింపు ఉంది.

అంబత్తూరు_బోల్టులు:
32. అంటే నాకు ఈ గొడవే లేదన్నమాట!

ప్యారీస్_వ్యాపారి:
ఆ 50 మీకు కాదండీ, దిగుమతిదారుకి. ఏడాదిలో ఆయన అన్ని దేశాల నుంచీ తెచ్చే ఇనుము, అల్యూమినియం, సిమెంట్, ఎరువులు అన్నీ కలిపి 50.

తిరుముడివాక్కం:
32 అంటే 50 కన్నా తక్కువే కదా అన్నా.

ప్యారీస్_వ్యాపారి:
తమ్ముడూ, పైన రాసింది చదివి రాయి.

గిండీ_షెడ్డు:
నా సంగతి చెబుతాను. 2024లో ఒక కన్సల్టెంట్ మాట నమ్మి షెడ్డు మీద సోలార్ పెట్టించాను, కార్బన్ లెక్క తగ్గుతుందన్నాడు. ఇప్పుడు చూస్తే ఇనుము, ఉక్కు సరుకుకు పన్ను లెక్కలో కరెంటు ఉద్గారాలు రావట, నేరుగా వెలువడేవే వస్తాయట. లోన్ ఇంకా కడుతున్నాను. మాలాంటి వాళ్ల దగ్గర వెలువడేది హీట్ ట్రీట్‌మెంట్ గ్యాస్‌ది, అదెంతని. అసలు కార్బన్ బరువంతా వైర్ రాడ్‌తో, అంటే బోల్టులు చేసే ఉక్కు కడ్డీతో వస్తుంది. బ్లాస్ట్ ఫర్నేస్ ఉక్కు అయితే టన్నుకు 2 టన్నుల పైనే కార్బన్ డయాక్సైడ్, తుక్కు కరిగించి చేసిందైతే చాలా తక్కువ. ఆ లెక్క మిల్లు ఇవ్వాలి. డీలర్ దగ్గర లారీలో సగం కొనుక్కునే నాకు మిల్లువాళ్లు జవాబిస్తారా? నా వెరిఫయర్ వచ్చి నా గ్యాస్ మీటర్ చూసి ఏం తేలుస్తాడు?

ఆడిట్_అమ్మాయి:
వెరిఫికేషన్ లేకుండా డిఫాల్ట్ విలువలతో, అంటే సొంత లెక్క బదులు యూరప్‌వాళ్లే నిర్ణయించిన ఉద్గారాల అంకెలతో వెళ్లొచ్చు సార్. కాకపోతే ఉక్కుకు వాటి మీద 2026లో 10 శాతం, 2027లో 20, 2028 నుంచి 30 శాతం అదనంగా వేస్తారు. రెండూ పక్కపక్కన వేసి చూసుకోండి.

అంబత్తూరు_బోల్టులు:
అదే అడిగాను మా వ్యాపారిని! ఈ ఏడాదికి డిఫాల్ట్ పెట్టమన్నాను. బయ్యర్ ఒప్పుకోడు అన్నారు. ఏ బయ్యర్? 9 ఏళ్లలో ఒక్కసారి పేరు చెప్పలేదు. పెట్టెల మీద మా గుర్తు కూడా చెరిపించి పంపుతారు. ఆ బయ్యర్ 50 దాటాడో లేదో కూడా నాకు తెలియదు, కానీ అతని కోసం నేను లక్షలు పెట్టి వెరిఫయర్‌ని పిలవాలి. ఇది న్యాయమా?

ప్యారీస్_వ్యాపారి:
పేరెందుకు చెప్పాలి? ఆ బయ్యర్‌ని సంపాదించడానికి నేను ఎగ్జిబిషన్ల చుట్టూ తిరిగిన ఖర్చు మీరిచ్చారా? 2019లో ఒక యూనిట్‌వాళ్లకు నమ్మి పేరు చెప్పాను, మరుసటి ఏడు నన్ను పక్కన పెట్టి నేరుగా పంపారు. ఇప్పుడు వెరిఫికేషన్ రిపోర్టులో మీ ఫ్యాక్టరీ పేరు, అడ్రసు అన్నీ ఉంటాయి. ఆ కాగితం నా చేతుల మీదుగానే బయ్యర్‌కి వెళ్తుంది. నా అన్నం నేనే తీసి అవతల పెట్టినట్టు. ఇంకా దానికి డబ్బు కూడా నేనే కట్టాలంటారా?

గిండీ_షెడ్డు:
ఇదండీ అసలు సంగతి. ఇంతసేపూ ఫీజు గురించి కొట్టుకుంటున్నామనుకున్నాను.

అంబత్తూరు_బోల్టులు:
కోపంలో రాశాను, క్షమించండి. నాకు బయ్యర్‌ని లాక్కోవాలని లేదు. మాలాంటి ఫ్యాక్టరీలు యూరప్‌వాళ్ల సీబ్యామ్ రిజిస్ట్రీలో నమోదై లెక్క నేరుగా బయ్యర్‌కి చూపించవచ్చు, ఆ దారి ఉన్నా మా వ్యాపారిని దాటి వెళ్లలేదు. ఫీజు చెరి సగం పెట్టుకుందాం, ఆ బయ్యర్‌కి ఆయన ద్వారానే అమ్ముతానని రెండేళ్లకు అగ్రిమెంట్ రాసిస్తాను. మీరైతే ఒప్పుకుంటారా?

ప్యారీస్_వ్యాపారి:
సగం ఫీజుకు ఒప్పుకుంటాను. రెండేళ్లకు సంతకం పెట్టను. ఐదు రాయండి.