‘ప్రభావం చూపింది’కి ఇంగ్లీషులో ‘హ్యాడ్’ అనాలా, ‘మేడ్’ అనాలా?

తెలుగు నివేదికల ఇంగ్లీషు అనువాదంలో భావవాచక నామాల పక్కన క్రియ దగ్గరే చిక్కు. మన ‘చేయు’ దాదాపు అన్నిటికీ అతుకుతుంది. ఇంగ్లీషులో తప్పుకు మేక్, పరిశోధనకు డూ, నేరానికి కమిట్. మనం శ్రద్ధ ‘పెడతాం’, అక్కడ ‘పే’ చేస్తారు.

‘క్రియ నుంచి పుట్టిన నామమైతే మేక్’ అనే సూత్రం డెసిషన్, సజెషన్, అటెంప్ట్ వరకు నిలిచి, డిస్కషన్ దగ్గర కూలింది. ‘ఫలితం మిగిలితే మేక్, ఇద్దరి మధ్య సాగితే హ్యావ్’ అని మార్చాను. ఆర్గ్యుమెంట్‌కు అది చక్కగా సరిపోయింది: మేక్ అంటే వాదన వినిపించడం, హ్యావ్ అంటే గొడవపడటం.

ప్రభావం దగ్గర మాత్రం ఆగిపోయాను. ఎఫెక్ట్‌కు హ్యావ్ ఖాయం. ఇంపాక్ట్‌కు రెండూ కనిపిస్తున్నాయి. మధ్యలో ‘సిగ్నిఫికెంట్’ లాంటి విశేషణాలు దూరతాయి కనుక అమెరికన్ ఇంగ్లీషు పాఠాల పెద్ద సేకరణ అయిన కోకా కార్పస్‌లో ‘ఇంపాక్ట్’కు ఎడమవైపు నాలుగు పదాల వరకు వెతికాను. హ్యావ్ చాలా ఎక్కువ, కానీ మేక్ కూడా ఉంది. లెక్క తెలిసింది, కారణం తెలియలేదు.

‘కొత్త ఆటగాడు జట్టుపై ప్రభావం చూపాడు’కు మేడ్ సహజంగానే ఉంది. ‘డీజిల్ ధర కూరగాయల రేట్లపై ప్రభావం చూపింది’ లాంటి, కర్త మనిషి కాని వాక్యంలో కూడా ‘మేడ్ యాన్ ఇంపాక్ట్’ సహజమేనా, లేక అక్కడ ‘హ్యాడ్’ మాత్రమే రాయాలా?