అక్క పెళ్లి వీసీడీలు లైనక్స్‌లో కాపీ కావడం లేదు, డిస్కులు పోయినట్టేనా?

దిల్‌సుఖ్‌నగర్ టీచర్:

అందరికీ నమస్కారం. మా అక్క పెళ్లి 2004లో వరంగల్‌లో జరిగింది. స్టూడియో వాళ్లు మూడు వీసీడీలు ఇచ్చారు. మూడో డిస్కులో అప్పగింతలప్పుడు మా బాపమ్మ పాట పాడింది. ఆమె పోయి చాలా ఏళ్లయింది, ఆమె గొంతు ఇంకెక్కడా రికార్డు కాలేదు. అక్క కూతురు బాపమ్మను చూడనే లేదు. ఒక్కసారి వినిపించు పిన్నీ అని అడుగుతోంది.

నాది పాత డెస్క్‌టాప్, అందులో విండోస్ బదులు లైనక్స్ మింట్ ఉంది. దీని కోసమే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీకి వెళ్లి సెకండ్ హ్యాండ్ యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ తెచ్చుకున్నాను. మొదటి రెండు డిస్కులు పెట్టగానే ఫోల్డర్ తెరుచుకుంటుంది, లోపల వీడియో ఉన్న పెద్ద డ్యాట్ ఫైల్ కూడా కనిపిస్తుంది. కాపీ కొడితే మాత్రం ‘ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్’. ఎవరో చెబితే, పాడైన డిస్కుల నుంచి డేటా లాగే డీడీరెస్క్యూ ప్రోగ్రాం రాత్రంతా నడిపాను. మొదట్లో కాస్త ముక్క వచ్చింది, మిగతాదంతా ఎర్రరే. ఆ రెండింటి మీద ఒక్క గీత కూడా లేదు!

మూడోది అసలు తెరుచుకోదు. టక్ టక్ మంటుంది, తిరుగుతుంది, ఆగిపోతుంది. ఇంటి దగ్గర షాపులో చూపిస్తే మూడూ పోయాయి, పడేయమన్నారు. నాకు మనసొప్పడం లేదు. దారేమైనా ఉంటే చెప్పండి.

కూకట్‌పల్లి మింట్:

మేడమ్, ముందు డ్రైవ్‌ను సీపీయూ వెనక పోర్టులో పెట్టండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చే కరెంటు 500 మిల్లీఆంపియర్లే, డిస్కు తిరగడం మొదలైనప్పుడు ఈ డ్రైవ్‌లకు అది చాలదు. టక్ టక్ శబ్దం చాలాసార్లు దానివల్లే. తర్వాత డిస్కు పెట్టి, ఎర్రర్ వచ్చిన వెంటనే టెర్మినల్‌లో డీమెసేజ్ (dmesg) కమాండ్ ఇచ్చి, సిస్టం రాసుకున్న సందేశాలు చూసి, చివరి లైన్లలో ఏముందో ఇక్కడ రాయండి. అది చూడకుండా డిస్కు పోయిందో లేదో ఎవరూ చెప్పలేరు.

దిల్‌సుఖ్‌నగర్ టీచర్:

వెనక పోర్టులో పెట్టాక శబ్దం తగ్గింది, కానీ మూడోది ఇంకా తెరుచుకోలేదు. మొదటి రెండింటికీ ‘ఇల్లీగల్ మోడ్ ఫర్ దిస్ ట్రాక్’ అని వస్తోంది. మూడోదానికి ‘మీడియం ఎర్రర్, అన్‌రికవర్డ్ రీడ్ ఎర్రర్’.

మిక్సింగ్ ల్యాబ్ అన్న:

టీచర్ గారూ, టెన్షన్ పడకండి. మీ మొదటి రెండు డిస్కులకు ఏమీ కాలేదు. కోఠి దగ్గర పెళ్లి వీడియోల మిక్సింగ్ ల్యాబ్‌లో పదేళ్లు పనిచేశాను, ఇలాంటి వీసీడీలు వందల్లో రాసి ఇచ్చాను. అవి పోయాయని ఎవరైనా పడేయమంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మీకొచ్చిన రెండు ఎర్రర్లూ ఒకటి కాదు. ‘మీడియం ఎర్రర్’ అంటే డిస్కు మీది డేటాను డ్రైవ్ చదవలేకపోతోందని. ‘ఇల్లీగల్ మోడ్’ అంటే డిస్కు బాగానే ఉంది, అడిగే పద్ధతే తప్పు అని డ్రైవ్ చెబుతోంది. మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టారులో, అంటే డ్రైవ్ ఒక్కసారి చదివే చిన్న ముక్కలో, 2048 బైట్ల డేటా, తప్పులు దిద్దుకోవడానికి మరో 276 బైట్లు ఉంటాయి. వీసీడీలో వీడియో ఉన్న ట్రాకులకు ఆ దిద్దుబాటు బైట్లు ఉండవు, ఆ చోటు కూడా వీడియోకే ఇచ్చేసి 2324 బైట్లు నింపుతారు. లైనక్స్‌లో ఫైల్ కాపీ చేసినా, డీడీరెస్క్యూ నడిపినా, డ్రైవ్‌ను 2048 లెక్కనే అడుగుతాయి. అది కుదరదంటుంది. మీకు మొదట్లో వచ్చిన కాస్త ముక్క ఫోల్డర్ల జాబితా ఉన్న మొదటి ట్రాకు, అది మామూలు డేటానే. అప్పట్లో విండోస్‌లో డ్యాట్ ఫైల్ లాగి పడేస్తే కాపీ అయ్యేది, ఎందుకంటే ఆ సర్దుబాటు విండోసే లోపల చేసుకునేది.

కాబట్టి వీసీడీఇమేజర్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకోండి. అందులో వీసీడీఎక్స్‌రిప్ అనే ప్రోగ్రాం వస్తుంది. దానికి కాపిటల్ సీ ఆప్షన్ ఇచ్చి, పక్కన డ్రైవ్ పేరు (స్లాష్ డెవ్ స్లాష్ ఎస్ఆర్0) ఇవ్వండి, స్మాల్ పీ కూడా ఇస్తే ఎంతవరకు వచ్చిందో కనిపిస్తుంది. డ్యాట్ బదులు ఎంపీజీ ఫైల్ చేతికొస్తుంది. గంట వీడియోకు 600 ఎంబీ పైచిలుకు ఉంటుంది. ముందు చూసుకోవాలంటే వీఎల్‌సీలో ఓపెన్ డిస్క్‌కు వెళ్లి వీసీడీ ఎంచుకోండి, నేరుగా ఆడుతుంది.

ఇక మూడోది. దాని మీద అక్కాబావల ఫొటో ఉన్న స్టిక్కర్ ఏమైనా అతికించారా? మా ల్యాబ్‌లోనూ అతికించేవాళ్లం. అంచు లేచి ఉంటే డిస్కు సమంగా తిరగదు, స్పీడు పెరిగితే ఊగుతుంది. కానీ దాన్ని పీకొద్దు, దయచేసి పీకొద్దు. సీడీలో డేటాను చదివించే వెండిపొర ఉండేది కింద వైపు కాదు, పైన స్టిక్కర్ కిందే, సన్నని వార్నిష్ లాంటి పూత చాటున ఉంటుంది. స్టిక్కర్‌తో పాటు అది ఊడొస్తే ఇక ఎవరూ ఏమీ చేయలేరు. కింద వైపు గీతలకు అంత భయం లేదు, మధ్యలో 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉంది. కళ్లద్దాలు తుడిచే మెత్తటి గుడ్డను కొంచెం తడిపి, మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా వద్దు. పేస్టు, థిన్నర్ జోలికి పోకండి.

తర్వాత స్పీడు తగ్గించండి. ఎజెక్ట్ కమాండ్‌కు స్మాల్ ఎక్స్ ఆప్షన్‌తో 4 ఇస్తే డ్రైవ్ నాలుగు రెట్ల వేగానికి దిగుతుంది. అప్పటికీ రాకపోతే డ్రైవ్ మార్చండి. ఒకటి చదవనిది ఇంకోటి చదువుతుంది, ముఖ్యంగా పాత డెస్క్‌టాపుల్లో ఉండే పెద్ద సైజు డ్రైవ్‌లు.

దిల్‌సుఖ్‌నగర్ టీచర్:

అన్నా, స్టిక్కర్ ఉంది! అక్కాబావల ఫొటో చుట్టూ గులాబీలు, బావ వైపు అంచు గోరంత లేచి ఉంది. పీకకుండా వేలితో నొక్కి, తడిగుడ్డతో కింద తుడిచాను. మొదటి రెండూ రాత్రే వీసీడీఎక్స్‌రిప్‌తో వచ్చేశాయి, ఒక్క ఎర్రర్ కూడా లేదు.

మూడోది నా డ్రైవ్‌లో రాలేదు. మా స్కూల్లో మూలకు పెట్టిన పాత కంప్యూటర్‌లో లోపలి డీవీడీ రైటర్ ఉంటే, హెడ్‌మాస్టర్ గారిని అడిగి, మింట్ పెన్‌డ్రైవ్ పెట్టి దాన్ని ఆన్ చేశాను. స్పీడు 4కు తగ్గించాను. రెండుసార్లు ఆగింది, మూడోసారి చివరిదాకా వచ్చింది.

బాపమ్మ పాట మొత్తం ఉందన్నా. రెండు చోట్ల బొమ్మ గళ్లు గళ్లుగా విరిగింది, గొంతు మాత్రం ఎక్కడా తెగలేదు. అక్కకు ఫోన్ చేసి స్పీకర్ దగ్గర పెట్టాను. ‘నాకు కుంకుమ భరిణె ఇచ్చేటప్పుడు పాడింది కదా’ అంది, తర్వాత పాట అయ్యేదాకా ఏమీ మాట్లాడలేదు.

ఆ గళ్లు పోవడానికి ఏమైనా చేయొచ్చా?

మిక్సింగ్ ల్యాబ్ అన్న:

చాలా సంతోషం టీచర్ గారూ. నేను చెప్పిన 276 బైట్లు లేకపోవడం వల్లే ఆ గళ్లు. స్పీడు 4లోనే ఇంకో రెండుసార్లు రిప్ చేసి చూడండి, ఒకసారి విరిగిన చోటు ఇంకోసారి బాగా రావచ్చు. వచ్చిన ఎంపీజీ ఫైళ్లు వేటినీ ఎంపీ4లోకి మార్చి అసలువి తీసేయకండి. 352 బై 288 బొమ్మ అది, మళ్లీ కుదిస్తే ఇంకా మసకబారుతుంది. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి అక్క దగ్గర ఉంచండి.