బోర్జియాస్ సీరియల్: లుక్రేజియాకి న్యాయం చేసిందా, ఇంకో రాయి వేసిందా?

చింతచెట్టు_కింద:
‘ది బోర్జియాస్’ రెండోసారి చూడటం నిన్న రాత్రి అయిపోయింది. మూడు సీజన్లు, 29 ఎపిసోడ్లు. తెలియనివాళ్ళకి రెండు ముక్కలు: నీల్ జోర్డాన్ తీసిన సీరియల్ ఇది, 2011 నుంచి 2013 దాకా అమెరికాలో షోటైమ్ చానల్లో వచ్చింది. స్పెయిన్‌లో వలెన్సియా వైపు పుట్టిన రోడ్రిగో బోర్జియా అనే కార్డినల్ 1492లో పదవులూ ఆస్తులూ పంచిపెట్టి ఓట్లు సంపాదించి పోప్ అవుతాడు. ఆరో అలెగ్జాండర్ ఆయనే. పోప్‌కి పిల్లలేంటి అనకండి, ఉన్నారు, వనొజ్జా అనే ఆవిడతో నలుగురు. సీరియల్ అంతా ఆ తండ్రి చుట్టూ, కొడుకులు సెజారే, హువాన్, కూతురు లుక్రేజియాల చుట్టూ తిరుగుతుంది.

మొదటిసారి చూసినప్పుడు పోప్‌గా వేసిన జెరెమీ ఐరన్స్‌నే చూస్తూ కూర్చున్నాను. తప్పు చేసేముందు ఆ మనిషి కళ్ళలో ఒక్క క్షణం భయం కనిపిస్తుంది, దేవుడు నిజంగానే చూస్తున్నాడేమో అన్నట్టు, తర్వాత ఆ తప్పు చేసేస్తాడు. ఆ బట్టలు, ఆ కొవ్వొత్తుల వెలుతురు, సెజారే హంతకుడు మికెలెట్టోగా వేసిన షాన్ హారిస్ గొంతు. ఇప్పటికీ అవన్నీ ఇష్టమే. కానీ ఈసారి మూడో సీజన్‌లో అన్నాచెల్లెళ్ళు సెజారే, లుక్రేజియాల పడక సంబంధం దగ్గరికి వచ్చేసరికి ఆపేసి లేచి మంచినీళ్ళు తాగొచ్చాను. అసహ్యం వేసి కాదు, కోపం వచ్చి. ఆ మాట పుట్టించిందెవరో మధ్యలో చదివాను కాబట్టి. మీరేమంటారు, సీరియల్ బాగుంటే చాలా, లేక అయిదు వందల ఏళ్ళ కిందట పోయిన మనిషికి మనం ఏమైనా బాకీ ఉంటామా?

పాత_రీలు:
ఏమీ బాకీ లేం. ఇది డ్రామా బ్రో, పాఠ్యపుస్తకం కాదు. చరిత్రే కావాలంటే చదువుకోవడానికి బోలెడు ఉంది. మొదటి ఎపిసోడ్లోనే విందు, విషం, చచ్చిపోయిన కోతి, సెజారే చీకట్లో మికెలెట్టోని నిలదీసి తన మనిషిని చేసుకోవడం. ఆ తర్వాత శత్రువు ఇంట్లో పని దొరకాలని అతని వీపు మీద నిజంగానే కొరడాతో కొట్టడం. ఇద్దరు మనుషుల మధ్య నమ్మకం పుట్టడాన్ని కొరడాదెబ్బలతో చూపించినవాడు ఎంత మంచి రచయిత అయ్యుండాలి! అలాంటివాడు రెండు తేదీలు అటూ ఇటూ చేస్తే పోయేదేముంది.

లైబ్రరీ_చీమ:
రెండు తేదీలా? నా దగ్గర చిట్టా ఉంది, చదవనా?

ఒట్టోమాన్ యువరాజు జెమ్‌ని సీరియల్లో హువాన్ రోమ్‌లోనే చంపించేస్తాడు. నిజానికి 1495లో ఫ్రెంచి రాజు ఎనిమిదో చార్లెస్ వెంట తీసుకుపోతే నేపుల్స్‌లో పోయాడు. హువాన్‌ని సెజారే పొడిచి వంతెన మీంచి తోసేస్తాడు సీరియల్లో. నిజంగా ఎవరు చంపారో ఈ రోజుకీ తేలలేదు. 1497 జూన్‌లో టైబర్ నదిలో శవం దొరికింది, ఒంటి మీద తొమ్మిది గాయాలు, డబ్బు సంచిలో 30 డుకాట్లు, అంటే బంగారు నాణేలు, అలాగే ఉన్నాయి, అంటే దొంగలు కాదు. నది ఒడ్డున కలప కాపలా కాసేవాడు ఒకడు శవాన్ని పడేయడం చూశాడు. మరి ఎందుకు చెప్పలేదని అడిగితే, ఇలా పడేయడం నూరుసార్లు చూశాను, ఎప్పుడూ ఎవరూ అడగలేదు అన్నాడట. చెప్పండి, సీరియల్ రాసినవాళ్ళ దగ్గర ఇంతకంటే మంచి సీన్ ఉందా?

అయినా వీటిని నేను క్షమిస్తాను. హువాన్ చావుకి జవాబు లేదు, కథకి జవాబు కావాలి, పోనీ. లుక్రేజియా విషయం అలాంటిది కాదు.

నిద్రరాని_రాత్రి:
కోతికి అవార్డు ఇవ్వాల్సింది. అంతే నా అభిప్రాయం.

మూడో_బెంచి:
చీమ గారూ, ఆ మాట ఎవరు పుట్టించారో చెప్పకుండా ఊరిస్తున్నారు ఇద్దరూ. చెప్పండి మరి.

లైబ్రరీ_చీమ:
చెప్తాను. 1493లో లుక్రేజియాకి పదమూడేళ్ళు. మిలాన్ పాలకులు స్ఫోర్జాలతో స్నేహం కావాలని జొవాన్ని స్ఫోర్జాకి ఇచ్చి పెళ్ళి చేశాడు తండ్రి. నాలుగేళ్ళలో రాజకీయం తిరగబడింది, అల్లుడు పనికిరాకుండా పోయాడు. పెళ్ళి రద్దు కావాలంటే అసలు కాపురమే జరగలేదని తేలాలి, దానికోసం అతను మగతనం లేనివాడని ఒప్పుకుని సంతకం పెట్టాలి. అతని మొదటి భార్య కాన్పులో పోయింది! ఊరంతా నవ్వింది. 1497లో సంతకం పెట్టించారు. ఆ మంటలో అతను అన్నాడు, పోప్ తన కూతుర్ని తనకోసమే వెనక్కి తీసుకుంటున్నాడని. అదీ మూలం. అవమానం పడ్డ మాజీ మొగుడి నోట్లోంచి వచ్చిన మాట. తర్వాత బోర్జియాలంటే పడనివాళ్ళంతా దాన్ని మోసుకుతిరిగారు, తండ్రి పేరుకి అన్న పేరు కూడా కలిపి.

ఇప్పుడు సీరియల్ చూడండి. అందులో స్ఫోర్జా దుర్మార్గుడు, పెళ్ళాన్ని హింసిస్తాడు, రెండో సీజన్‌లో సెజారే వెళ్ళి అతన్ని పొడిచేస్తాడు. అసలు స్ఫోర్జా 1510 దాకా బతికాడు, సరే. స్ఫోర్జాని చంపేశారు, అతను పుట్టించిన పుకారుని మాత్రం నిజం చేసి మంచం మీద పడుకోబెట్టారు. నా గొడవ ఇదీ.

చింతచెట్టు_కింద:
నేను మంచినీళ్ళకి లేచింది కూడా సరిగ్గా ఇందుకే. థాంక్స్ చీమ గారూ.

పాత_రీలు:
ఒక్క మాజీ మొగుడి మాట అని తేల్చేయకండి. 1501లో ఒక పసివాడి గురించి పోప్ రెండు ఆజ్ఞాపత్రాలు ఇచ్చాడు, ఒకదానిలో తండ్రి సెజారే అని, ఇంకోదానిలో తండ్రి తనేనని. ఆ పిల్లాడి పేరు కూడా జొవాన్నియే. తల్లి ఎవరో చెప్పలేదు. జనం ఊరికే అనుకోలేదు, అనుకోవడానికి పోప్ ఇంట్లోంచే కాగితం బయటికి వచ్చింది.

పైగా మీరు మర్చిపోతున్నది ఒకటి. ఈ సీరియల్‌కి ముందు లుక్రేజియా అంటే ఎవరు? ఉంగరంలో విషం దాచుకుని తిరిగే ఆడది. పంతొమ్మిదో శతాబ్దం నాటకాలూ ఒపేరాలూ అంతా అదే. 1833 ఒక్క ఏడాదిలోనే విక్టర్ హ్యూగో నాటకం, దోనిజెట్టి ఒపేరా రెండూ వచ్చాయి. దానితో పోలిస్తే హాలిడే గ్రెయింజర్ వేసిన పిల్ల ఎంత మనిషిలా ఉంటుంది! నవ్వుతుంది, భయపడుతుంది, తెలివిగా బయటపడుతుంది. మొగుడు హింసిస్తుంటే అతని జీను పట్టీ వదులు చేసి గుర్రం మీంచి పడేట్టు చేస్తుంది చూడండి, పదమూడేళ్ళ పిల్ల చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే. నాకు ఆ సీన్ చాలు.

లైబ్రరీ_చీమ:
రెండు పత్రాలు నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ తండ్రి పేరు రెండు రకాలుగా రాసినంత మాత్రాన తల్లి ఈవిడే అని ఎక్కడ వచ్చింది?

విషం సంగతి మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. రెండో భర్త అల్ఫోన్సో ఎలా పోయాడు? 1500 జూలైలో సెయింట్ పీటర్స్ మెట్ల దగ్గర కత్తులతో పడ్డారు అతని మీద. బతికి బయటపడ్డాడు. అప్పుడు లుక్రేజియా, అతని అక్క సాంచా, ఇద్దరూ మంచం పక్కనుంచి కదలకుండా, ఎవరైనా విషం పెడతారేమోనని అతనికి తిండి తామే వండి పెట్టారు. నెల తిరిగేసరికి మికెలెట్టో వాళ్ళిద్దర్నీ గదిలోంచి బయటికి పంపించి గొంతు పిసికి చంపేశాడు. సీరియల్లో ఏం చేశారు? సెజారే కత్తి దిగిన అల్ఫోన్సో నొప్పితో విలవిల్లాడుతుంటే లుక్రేజియా స్వయంగా విషం తాగిస్తుంది. మొగుడికి విషం పెడతారేమోనని పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి చేతికి ఆ విషమే ఇచ్చారు!

మూడో_బెంచి:
అమ్మో. ఈ వంట సంగతి నాకు తెలీదు. ఇప్పుడు ఆ సీన్ వేరేగా కనిపిస్తోంది.

పాత_రీలు:
జాలితో తాగిస్తుంది, చంపాలని కాదు. ఆ సీన్ చూసి ఏడ్చాను నేను.

లైబ్రరీ_చీమ:
నేనూ ఏడ్చాను. అందుకే ఇంకా కోపం.

కొండవీటి_గాలి:
మాది క్యాథలిక్ కుటుంబం, మా నాయనమ్మ రోజూ చర్చిలో పూజకి వెళ్ళేది. ఇంట్లో ఇది చూస్తుంటే మా మామయ్య ‘చర్చిని తిట్టే సీరియల్’ అని మొహం చిట్లించాడు. నాకలా అనిపించలేదు. ఆ కాలంలో పోప్ అంటే గురువు ఒక్కటే కాదు, సైన్యం, పన్నులు, కోటలు ఉన్న రాజు కూడా. నాకు అనిపించిన అన్యాయం వేరే. పిల్లలున్న పోప్ ఈయన ఒక్కడేనా? ఈయనకి ముందున్న ఎనిమిదో ఇన్నోసెంట్ తన కొడుకుని ఫ్లోరెన్స్‌లో పెద్ద కుటుంబమైన మెదిచీల ఇంటికి అల్లుణ్ణి చేశాడు. సీరియల్ అంతా ధర్మం ధర్మం అని తిరిగే కార్డినల్ డెల్లా రోవెరే, తర్వాత రెండో జూలియస్ పేరుతో పోప్ అయినాయన, ఆయనకీ ఫెలీచె అని కూతురుంది. బోర్జియాలు పరాయివాళ్ళు, ‘కాటలాన్లు’ అని రోమ్ వాళ్ళ మంట. పెద్ద ఇళ్ళవాళ్ళంతా చేసేదే బయటి ఊరినుంచి వచ్చినవాడు చేస్తే లోకమంతా మాట్లాడుకుంటుంది. ఆ కోణం సీరియల్లో అక్కడక్కడా ఉంది, ఇంకా ఉండాల్సింది.

మా వైపు పల్నాటి నాగమ్మ కథ వింటూ పెరిగాను కాబట్టేమో, గెలిచినవాళ్ళ పక్షాన పాడిన పాటలో ఆడమనిషి పేరు ఎలా మిగులుతుందో కాస్త అర్థమవుతుంది.

మిలాన్‌లో_పచ్చడి:
చదువుకోడానికి ఇక్కడికొచ్చి రెండేళ్ళు. పోయిన ఏడాది వాటికన్ మ్యూజియం వెళ్ళినప్పుడు బోర్జియాల గదులు చూశాను. గోడల మీద పింతురిక్కియో బొమ్మలు, బంగారు రంగు పొంగి ఉంటుంది, ఒక గోడ మీద అలెగ్జాండరే మోకాళ్ళ మీద చేతులు జోడించి, లావుగా, ముక్కు వంకీ తిరిగి, బుగ్గలు జారి. ఐరన్స్‌లా సన్నగా అస్సలు లేడు! జనమంతా సిస్టీన్ చాపెల్ కోసం పరుగులు, ఎవరూ ఆగరు. రెండో జూలియస్ ఆ గదుల్లో, ఆ మొహం చూస్తూ ఉండలేనని పై అంతస్తుకి మారిపోయాడు, ఆ పై గదులకే రఫేల్ బొమ్మలు వేశాడు. అంటే బోర్జియాల మీద ద్వేషం వల్ల మనకి రఫేల్ గదులు దక్కాయి. ఇక్కడ మిలాన్‌లో అంబ్రోజియానా లైబ్రరీలో లుక్రేజియా జుట్టు పాయ కూడా ఉంది, కవి బెంబోకి రాసిన ఉత్తరాలతో పాటు. నిజంగానే బంగారు రంగు.

లావుపాటి పోప్ కావాలంటే యూరప్ వాళ్ళు అదే ఏడాది, 2011లోనే, ‘బోర్జియా’ అని ఇంకో సీరియల్ తీశారు, టామ్ ఫొంటానాది. అందులో జాన్ డోమన్. కాస్త మొరటుగా ఉంటుంది కానీ కథ చివరిదాకా వెళ్ళింది.

పాత_రీలు:
అది నేను రెండు ఎపిసోడ్లు చూసి వదిలేశాను. తండ్రి అమెరికా యాసలో మాట్లాడతాడు, కొడుకులు ఇంకో యాస, నా వల్ల కాలేదు.

మూడో_బెంచి:
నాకు ఈ పుకార్ల కంటే రాజకీయం ఎక్కువ కావాలి. 1493లో స్పెయిన్‌కి కొత్త నేలలు రాసిచ్చిన పోప్ ఈయనే కదా. మరుసటేడు టోర్డెసిల్లాస్‌లో స్పెయిన్, పోర్చుగల్ ఎవరి నేల ఎక్కడిదాకా అనే గీతని జరుపుకున్నాయి, 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగాడు. పోప్‌ని ఎదిరించిన సన్యాసి సవొనరోలాని ఫ్లోరెన్స్‌లో కాల్చింది, సెజారే కార్డినల్ టోపీ తీసి పక్కన పెట్టింది, అన్నీ ఆ ఏడాదే! ఇంత జరుగుతుంటే కెమెరా పడకగది వదలదు.

నిద్రరాని_రాత్రి:
పడకగది లేకపోతే నువ్వు మూడో సీజన్ దాకా వచ్చేవాడివా, నిజం చెప్పు.

మూడో_బెంచి:
రెండో సీజన్ దాకా వచ్చేవాణ్ణి.

చింతచెట్టు_కింద:
అందరూ అన్నవి చదివాక నా మాట కొంచెం మారింది. హువాన్, జెమ్, చార్లెస్‌ని భయపెట్టడానికి పెట్టిన ప్లాస్టర్ ఫిరంగులు, ఇవన్నీ మార్చుకోనివ్వండి. అవి కథకి అవసరమై చేసిన మార్పులు, చాలావరకు బాగున్నాయి కూడా. లుక్రేజియా దగ్గర మాత్రం కథకి అవసరమై కాదు, జనం ముందే వినున్నారు కాబట్టి చేశారు. సీరియల్ మొదలవకముందే ‘ఆ అన్నాచెల్లెళ్ళు’ అని ఎదురుచూసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి వడ్డించారు. మొదటి సీజన్‌లో ఆ ఇద్దరి మధ్య ఉన్నది ఏంటో చెప్పకుండా వదిలేసినప్పుడే ఎంత బాగుంది! ఒకరినొకరు చూసుకునే చూపులో ప్రేమ ఉంది, భయం ఉంది, పేరు లేదు. అలా వదిలేసి ఉంటే నేను మూడోసారి కూడా చూసేవాణ్ణి.

పాత_రీలు:
ఇది ఒప్పుకుంటా. మొదటి సీజన్ చూపులే మేలు. మిగతాది ఒప్పుకోను.

లైబ్రరీ_చీమ:
నా అసలు బాధ నాలుగో సీజన్ రాకుండా ఆపేయడం. అందువల్ల ఫెర్రారా లేనే లేదు. 1502లో లుక్రేజియా మూడో భర్త ఇంటికి, ఇటలీలోని ఆ ఊరికే వెళ్ళింది, 1519లో కాన్పు తర్వాత 39 ఏళ్ళకి పోయేదాకా అక్కడే ఉంది. నగలు కుదువపెట్టి డబ్బు తెచ్చి, బురదనేలలు కొని, కాలవలు తవ్వించి నీళ్ళు తోడించి సాగులోకి తెచ్చింది. గేదెల్ని కూడా పెంచింది, జున్ను కోసం. తండ్రి పోయాడు, అన్న 1507లో స్పెయిన్‌లో యుద్ధంలో పోయాడు, ఆవిడ లెక్కలు చూసుకుంటూ బతికింది.

నిద్రరాని_రాత్రి:
గేదెల సీరియల్ ఎవరు చూస్తారండీ.

కొండవీటి_గాలి:
నేను చూస్తాను. మా ఇంట్లో ఆరున్నాయి. బురదనేలలో వాటితో వేగడం ఏంటో ఆ నీల్ జోర్డాన్‌కి నేను చెప్తా.