నైట్రో కారు ట్యూనింగ్‌కి డైనో కావాలా, స్టాప్‌వాచ్ చాలా?

రాణీగంజ్ బేరింగ్:
పోయిన ఆదివారం ఉప్పల్ దగ్గర ఖాళీ స్థలంలో రిమోట్‌తో నడిపే చిన్న నైట్రో కార్లు తిప్పుతుంటే వాదన మొదలైంది. ఇంట్లో చిన్న డైనో, అంటే ఇంజిన్ పవర్ కొలిచే యంత్రం, కట్టానని చెప్పగానే ఒక పెద్దాయన "గుర్రాలు లెక్కపెట్టి ఏం చేస్తావు, ల్యాప్ టైం చూసుకో" అన్నారు. అక్కడ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను.

నా 2.1 సీసీ ఇంజిన్ సెకండ్‌హ్యాండ్‌ది. "ఒక హార్స్ పవర్ పక్కా" అని అమ్మారు. నిజమెంతో తేల్చుకోవాలనే ఈ పని మొదలుపెట్టాను. బాలానగర్‌లో లేత్ మీద 100 మిల్లీమీటర్ల వ్యాసం, కిలో బరువున్న స్టీలు డిస్క్ తీయించాను. బేరింగులు రాణీగంజ్‌లో, చుట్లు పసిగట్టే హాల్ సెన్సర్, వాటిని లెక్కపెట్టే ఆర్డుయినో బోర్డు కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి. ఇంజిన్ వైపున్న క్లచ్ బెల్‌కి 16 పళ్లు, డిస్క్ షాఫ్ట్ మీద గేరుకి 48. అంటే ఇంజిన్ మూడు చుట్లు తిరిగితే డిస్క్ ఒక్క చుట్టు తిరుగుతుంది.

ఇంజిన్ ఆ డిస్క్‌ను ఎంతసేపట్లో వేగానికి తెస్తుందో చూస్తే పవర్ తెలుస్తుంది, లెక్క తేలికే. ఆ డిస్క్ సున్నా నుంచి 10,000 ఆర్‌పీఎంకి చేరాలంటే సుమారు 685 జౌళ్ల శక్తి కావాలి. నా ఇంజిన్ 2 సెకన్లు తీసుకుంది. అంటే సగటున 342 వాట్లు, హార్స్ పవర్‌లో (746 వాట్లు) సగం కూడా కాదు. ఆ అంకె చూడగానే మనసు చివుక్కుమంది. కానీ నా చేత్తో కట్టిన దాని మీద నా ఇంజిన్ మొదటిసారి నిజం చెప్పింది, ఆ రాత్రి నిద్రపట్టలేదు.

పొగ చూసే మనిషి:
ఆ పెద్దాయన నేనే తమ్ముడూ. మళ్లీ అదే చెబుతాను.

నైట్రో ఇంజిన్ ట్యూనింగ్ చెవితో, కంటితో, వేలితో చేసే పని. ఐడ్లింగ్‌లో ఇంధనం గొట్టాన్ని వేళ్లతో నొక్కి పట్టు. రెండు మూడు సెకన్లలో కాస్త రేజ్ అయి ఆగిపోతే లో-స్పీడ్ నీడిల్ (తక్కువ వేగంలో ఇంధనాన్ని సర్దే స్క్రూ) బాగున్నట్టు. హెడ్ మీద ఒక్క నీటి చుక్క వేయి. చుర్రుమని ఎగిరిపోతే లీన్ ఎక్కువైంది, అంటే ఇంధనం తక్కువ; కదలకుండా కూర్చుంటే రిచ్ ఎక్కువైంది, అంటే ఇంధనం ఎక్కువ. స్ట్రెయిట్‌లో సన్నటి నీలం పొగ గీతలా కనిపించాలి. ఇవన్నీ నీ డిస్క్ చెబుతుందా?

ఇంకో మాట. మన కారు బరువు 1.8 కిలోలు అనుకో. మట్టి మీద టైరు పట్టు గుణకం 0.8 వేసుకున్నా, నేలను తోయగలిగే బలం 14 న్యూటన్లే. సెకనుకు 10 మీటర్ల వేగంలో, అంటే గంటకు 36 కిలోమీటర్లలో, టైరు భరించేది 140 వాట్లు. అంతకు మించినదంతా దుమ్ములోకే పోతుంది. మూలమలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు వేగం ఇంకా తక్కువ. నీ 342 వాట్లనే అక్కడ నేల తీసుకోలేదు, ఒక హార్స్ పవర్ ఉంటే ఏం చేసుకుంటావు?

లైపో లక్డీకాపూల్:
ఎలక్ట్రిక్‌కి మారండన్నా, ఈ గొడవే ఉండదు. బ్యాటరీకి వాట్ మీటర్ పెడితే చాలు. నాది 7.4 వోల్టులు, 30 ఆంపియర్లు, 222 వాట్లు.

రాణీగంజ్ బేరింగ్:
@లైపో, అది బ్యాటరీ ఇచ్చిన పవర్. మోటర్, దాని వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ వేడెక్కడానికి పోయింది కూడా అందులోనే ఉంది. షాఫ్ట్ దగ్గర ఎంత వచ్చిందో మీటరు చెప్పదు.

@పొగ చూసే మనిషి, టైరు లెక్క ఒప్పుకుంటాను అన్నా, నాకు తట్టలేదు. కానీ చెవి సంగతి వినండి. బుధవారం హై-స్పీడ్ నీడిల్‌ను ఎనిమిదో వంతు చుట్టు లీన్ చేశాను. శబ్దం ఖణఖణమంది, నాకు తెగ నచ్చింది. డిస్క్ మీద మొదటి పరుగు 1.92 సెకన్లు. వెంటనే రెండోది 1.98. మూడోది 2.1, టెంపరేచర్ గన్‌తో చూస్తే హెడ్ 135 డిగ్రీలు. మూడుసార్లూ శబ్దం నా చెవికి ఒకేలా ఉంది. ఆ సెట్టింగ్‌తో ఆదివారం పది నిమిషాలు తిప్పి ఉంటే స్లీవ్ (పిస్టన్ కదిలే గొట్టం) గీరుకుపోయేది. ట్రాక్ మీద ఆ 0.18 సెకన్ల తేడా నా స్టీరింగ్ తప్పుల్లో కలిసిపోతుంది. డిస్క్ ముందు నా చేయి లేదు, మలుపు లేదు, ఇంజిన్ ఒక్కటే ఉంది.

సగటు ఒక్కటే చూడటం నా పొరపాటు, క్లచ్ జారే సమయం కూడా అందులో కలిసింది. ఇప్పుడు ప్రతి చుట్టుకీ టైం రాస్తున్నాను. పవర్ ఏ ఆర్‌పీఎం దగ్గర మొదలవుతుందో గీత కనిపిస్తోంది. మలుపులో టైరు జారుతుందని మీరన్నది క్లచ్ స్ప్రింగులు మార్చి సరిచేయవచ్చేమోనని ఆ గీత చూసే తట్టింది.

మెకానికల్ ల్యాబ్:
కాలేజీలో రోప్ బ్రేక్‌తో (చక్రానికి తాడు చుట్టి) ఇంజిన్ పవర్ కొలిచినవాళ్లకి ఇది గుర్తుంటుంది: ఆ రోజు గాలి ఎలా ఉందో రాయకపోతే రీడింగుకి విలువ లేదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది, గాలి అసలే పలచన. డిసెంబరు ఉదయం 15 డిగ్రీలు, ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీలు అనుకుంటే గాలి సాంద్రత 8 శాతం పడిపోతుంది. అంటే మీ 1.92, 1.98 తేడా కన్నా వాతావరణం తెచ్చే తేడా పెద్దది. ఇంధనం కూడా చూసుకోండి. మిథనాల్ గాలిలో తేమను పీల్చేస్తుంది, వానాకాలంలో మూత సరిగా పెట్టని డబ్బాతో కొలిచి ఇంజిన్‌ను తిట్టొద్దు.

పొగ చూసే మనిషి:
మూడో పరుగు సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. వేడెక్కాక పవర్ పడిపోతుందని తెలుసు కానీ, శబ్దం మారకుండానే పడిపోతుందంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఆదివారం ఉదయం 7కి నా ఇంజిన్ తెస్తాను. ముందు నేను చెవితో సెట్ చేస్తాను, తర్వాత నువ్వు కొలువు. నీడిల్ మాత్రం ముట్టుకోవద్దు.

రాణీగంజ్ బేరింగ్:
రండన్నా. రెండు ఇంజిన్లకీ ఒకే డబ్బా ఇంధనం, ఒకే రకం కొత్త ప్లగ్. ఒక్కోదానికి ఐదు పరుగులు, ప్రతి పరుగుకీ హెడ్ టెంపరేచర్ రాద్దాం. చూడ్డానికి వచ్చేవాళ్లు డిస్క్ అంచుకి ఎదురుగా మాత్రం నిలబడొద్దు, పక్కకి ఉండండి. 3 మిల్లీమీటర్ల ఇనుప రేకు గార్డ్ వేశాను, అయినా కిలో స్టీలు అది.