స్టీమ్ మాప్‌ల ఆవిరి తగ్గింది, టైల్స్ మీద తెల్ల చారలు

మాది హన్మకొండ. ఇంట్ల బోరు నీళ్లే, బకెట్లకు సుత తెల్ల పొర కడ్తది. 1500 వాట్ల స్టీమ్ మాప్ కొని నాలుగు నెలలైంది. మొదట్ల మంచిగనే ఉండె. ఇప్పుడు పది నిమిషాలకే ఆవిరి తగ్గి, నీటి చుక్కలు కారుతున్నయి. నేల ఆరినంక టైల్స్ మీద తెల్ల చారలు. వంటింటి నల్ల గ్రానైట్ మీదైతే ఇంకా కొట్టొచ్చినట్టు కనవడ్తయి.

ట్యాంకుల సగం వెనిగర్, సగం నీళ్లు పోసి అరగంట ఉంచి కడిగిన. వారం సంది ఆర్వో నీళ్లే పోస్తున్న. గుడ్డ సుత మార్చిన. (మా అత్తమ్మ పాత తడిగుడ్డే నయమంటది, ఇప్పుడు ఆమెదే గెలుపు.) చారలు కొంచెం తగ్గినయి గని ఆవిరి మాత్రం పెరగలె.

లోపల హీటర్ గొట్టంల పట్టిన సున్నం నిమ్మ ఉప్పుతోని తీసినోళ్లుంటే, లీటరు నీళ్లకు ఎంత కలిపిన్రో చెప్తరా?