పరీక్షలు ముగిసిన రెండు వారాలకే 200 కి.మీ. బ్రెవే: శిక్షణను ఎలా అమర్చుకోవాలి?

ప్రశ్న

నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఈ వారం నుంచి లెక్కిస్తే పద్నాలుగో వారం చివర జరిగే 200 కి.మీ. బ్రెవేలో (నిర్ణీత గడువులోగా పూర్తి చేయాల్సిన, పోటీ కాని దూరపు సైకిల్ రైడ్‌లో) పాల్గొనాలనీ, అది సజావుగా పూర్తయితే అదే సీజన్‌లో 300 కి.మీ. కూడా ప్రయత్నించాలనీ అనుకుంటున్నాను. ప్రస్తుతం 60, 70 కిలోమీటర్లు పెద్దగా అలసట లేకుండా తొక్కగలుగుతున్నాను. గుండె వేగాన్ని చూపే బెల్టు ఉంది గానీ, తొక్కే శక్తిని వాట్లలో కొలిచే పవర్ మీటర్ లేదు. తరగతులు, ల్యాబ్‌లు సాయంత్రం దాకా సాగుతాయి కాబట్టి వారంలో మూడు రోజులు ఉదయం ఒక్కో గంట మాత్రమే దొరుకుతుంది. శనివారం రికార్డులు రాసుకోవడంతోనే గడిచిపోతుంది. ఆదివారం మాత్రం పూర్తిగా ఖాళీ.

చిక్కల్లా పదో వారం మొదలుకొని పన్నెండో వారం చివరి దాకా ఉన్న సెమిస్టర్ పరీక్షలతోనే. నేను చూసిన ప్రణాళికలన్నిటిలోనూ అన్నిటికన్నా పొడవైన రైడ్ సరిగ్గా ఆ రోజుల్లోనే పడుతోంది. వారానికి ఏడెనిమిది గంటలతో 200 కి.మీ.కు సిద్ధం కావడం సాధ్యమేనా? నిద్రలో ఒక గంట తగ్గించుకుని ఉదయం రెండు గంటలు తొక్కితే లాభం ఉంటుందా? పరీక్షలు జరిగే మూడు వారాలూ సైకిల్‌ను పూర్తిగా పక్కన పెడితే ఎంత వెనకబడతాను?

మొదటి సమాధానం

సాధ్యమే. ముందు గడువు లెక్క చూడండి. 200 కి.మీ. బ్రెవేకు ఇచ్చే సమయం పదమూడున్నర గంటలు, అంటే ఆగిన సమయంతో కలిపి గంటకు సగటున 15 కి.మీ. కూడా అక్కర్లేదు. కదులుతున్నంతసేపు మీరు 22 కి.మీ. వేగం నిలబెట్టుకోగలిగితే తొమ్మిది గంటల పైచిలుకులో దూరం పూర్తవుతుంది, కంట్రోల్ పాయింట్లలో (దారిలో హాజరు నమోదు చేయించుకునే చోట్లలో) ఆగడానికీ, పంక్చర్లకూ, ఎదురుగాలికీ నాలుగు గంటలకు పైగా మిగులుతాయి. కాబట్టి వేగం కోసం ఆరాటపడకుండా, తొమ్మిది పది గంటలు సీటు మీద కూర్చోవడానికి ఒంటిని అలవాటు చేయడం మీదే దృష్టి పెట్టండి.

ప్రణాళికను బ్రెవే తేదీ నుంచి వెనక్కి లెక్కించే పద్ధతి మీకు నప్పదు. పరీక్షలు మొదలయ్యే తేదీనే గీతగా పెట్టుకుని, అన్నిటికన్నా పొడవైన రైడ్‌ను ఎనిమిదో వారంలో ముగించండి. ఈ ఆదివారం మూడు గంటలతో మొదలుపెట్టి వారానికి అరగంట చొప్పున పెంచండి. నాలుగో వారంలో మాత్రం రెండు గంటలకు తగ్గించి కాళ్లకు ఊపిరి తీసుకునే వీలివ్వండి. అక్కడి నుంచి నాలుగున్నర, అయిదు, అయిదున్నర, ఆరు గంటలకు చేరుకుంటే ఎనిమిదో వారంలో దాదాపు 130 కి.మీ. తొక్కినవారవుతారు. శిక్షణలోనే 200 మొత్తం తొక్కి చూడాలన్న పట్టుదల వద్దు. దాని నుంచి కోలుకోవడానికి పట్టే రోజులు మీ చేతిలో లేవు.

ఉదయం గంటల్లో ఒకదాన్ని గట్టిగా వాడుకోండి. పది నిమిషాలు నెమ్మదిగా తొక్కాక, పదిహేను నిమిషాల చొప్పున రెండు విడతలు, మధ్యలో అయిదు నిమిషాల విరామంతో, ఎఫ్‌టీపీలో (సుమారు గంటసేపు నిలబెట్టుకోగల గరిష్ఠ శక్తిలో) 88 నుంచి 94 శాతం మధ్య సాగాలి. పవర్ మీటర్ లేనివారికి మాటే కొలత. చిన్న వాక్యాన్ని ముక్కలుగా తప్ప ఏకబిగిన పలకలేకపోతున్నారంటే సరైన చోట ఉన్నట్టే. రెండో ఉదయం మాట్లాడుతూ తొక్కగలిగేంత తేలికగా ఉండాలి. మూడో ఉదయం మూడేసి నిమిషాల తీవ్రమైన విడతలు అయిదు చేయండి. బరువైన సంచీ వీపున వేసుకుని కళాశాలకు తొక్కడాన్ని మాత్రం శిక్షణ కింద లెక్కపెట్టకండి. దానివల్ల భుజాలు పట్టేయడమే గాని ఓర్పు అంతగా పెరగదు.

రెండో సమాధానం

పై సలహాలో చాలా భాగంతో ఏకీభవిస్తాను గానీ, మూడో ఉదయం కూడా తీవ్రంగా తొక్కాలన్న మాటతో కాదు. మూడు ఉదయాల్లో రెండు గట్టివై, వాటి వెంటే ఆదివారం పొడవైన రైడ్ వస్తే, చదువు ఒత్తిడి కూడా ఉన్న విద్యార్థికి కోలుకునే సందే ఉండదు. మానసికంగా అలసిన మనిషికి అదే గేరు, అదే వేగం మరింత బరువుగా తోస్తాయని ప్రయోగాల్లో తేలింది. గుండె వేగంలో మాత్రం ఈ తేడా పెద్దగా కనిపించదు, అందుకే మీ బెల్టు ఈ విషయంలో మిమ్మల్ని హెచ్చరించలేదు. దానికి బదులు, ప్రతి రైడ్ ముగిశాక ఎంత కష్టంగా అనిపించిందో పదికి మార్కులు వేసి, ఆ అంకెను నిమిషాలతో గుణించి రాసుకోండి. గట్టిగా తొక్కిన గంటకు ఏడు వేస్తే 420, నింపాదిగా సాగిన నాలుగు గంటల ఆదివారానికి నాలుగు వేస్తే 960. ల్యాబ్ పరీక్ష ముందు రోజు అదే గంటకు తొమ్మిది వేయాలనిపిస్తే వారం మొత్తం దానంతట అదే పెరుగుతుంది, ఆ వారంలో ఇంకేం తగ్గించాలో తెలిసిపోతుంది.

నిద్ర జోలికి మాత్రం పోవద్దు. గాఢనిద్రలోనే గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలవుతుంది, పగలు చదివింది జ్ఞాపకంలో స్థిరపడేదీ నిద్రలోనే. ఒక గంట నిద్రను అమ్మి ఒక గంట సైకిల్‌ను కొంటే రెండు వైపులా నష్టపోతారు.

పరీక్షల సంగతి. పూర్తిగా మానేస్తే మొదటి రెండు వారాల్లోనే రక్తంలో ప్లాస్మా (ద్రవ భాగం) పరిమాణం తగ్గి, అంతకుముందు తేలికగా ఎక్కిన ఎత్తులోనే గుండె దడదడలాడుతుంది. మూడో వారానికి గరిష్ఠ ఆక్సిజన్ వినియోగ సామర్థ్యం కూడా స్పష్టంగా పడిపోతుంది. తీవ్రతను అలాగే ఉంచి సమయాన్ని మాత్రమే తగ్గిస్తే ఈ సామర్థ్యం చాలావరకు నిలుస్తుందని 1980లలోనే ప్రయోగాలు చూపాయి. అయితే సమయాన్ని మూడింట రెండు వంతులు కోసినప్పుడు దీర్ఘకాలిక ఓర్పు కొంత సడలింది. ఈ రెండో ఫలితాన్ని చాలామంది పట్టించుకోరు, మీకు మాత్రం అదే ముఖ్యం. కనుక పరీక్షల్లో వారానికి రెండుసార్లు, ఒక్కోటి నలభై నిమిషాలకు మించకుండా, అందులో పది నిమిషాల గట్టి విడత ఒకటి ఉండేలా తొక్కండి. పరీక్ష రోజు పొద్దున కాక, పరీక్ష రాసి వచ్చాక అయితే తల కూడా తేలికపడుతుంది. పదమూడో వారం ఆదివారం నాలుగు గంటలు తొక్కి ఓర్పును మళ్లీ లేపండి, చివరి వారం రెండు చిన్న రైడ్‌లతో సరిపెట్టండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ ధన్యవాదాలు. మూడో ఉదయాన్ని తేలికగానే ఉంచి, నాలుగో వారం తరువాత మార్కుల లెక్క చూసి నిర్ణయించుకుంటాను. మరో సందేహం మిగిలింది. మూడు గంటలు దాటాక చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారుతున్నాయి, ఆకలి లేకపోయినా కాళ్లలో సత్తువ హఠాత్తుగా పోతోంది. ఇది శిక్షణ చాలకపోవడమేనా? అలాగే 200 తరువాత 300కు ఎంత విరామం ఇవ్వాలి?

మూడో సమాధానం

రెండూ వేర్వేరు సమస్యలు. ఆ రెండు వేళ్లకు వెళ్లే నరం అరచేతి చివర హ్యాండిల్ మీద నలుగుతోంది. సీటు ముందు భాగం కిందికి వంగి ఉందేమో, హ్యాండిల్ మరీ దూరంగా లేదా కిందికి ఉందేమో చూసుకోండి, ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ ఒంటి బరువు చేతుల మీదికి జారుతుంది. మార్పు ఒక్కసారికి కొన్ని మిల్లీమీటర్లే చేయండి, ఆ తరువాతి ఆదివారం దాన్ని పరీక్షించండి. కొంతసేపటికోసారి చేతుల స్థానం మార్చుకోవడం కూడా అవసరం. దిగాక కూడా తిమ్మిరి రోజుల తరబడి తగ్గకపోతే వైద్యుణ్ని చూడండి.

సత్తువ పోవడానికి కారణం తిండే అయి ఉంటుంది. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉన్న గ్లైకోజెన్ (ఒంట్లో దాచుకున్న కార్బోహైడ్రేట్) గట్టిగా తొక్కితే గంటన్నర, రెండు గంటలకే బాగా తరిగిపోతుంది, నెమ్మదిగా తొక్కితే మరికొంతసేపు వస్తుంది. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. మొదటి అరగంట దాటగానే మొదలుపెట్టి, గంటకు 40 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్లు కొద్దికొద్దిగా తీసుకోండి. కడుపుకు కూడా అలవాటు కావాలి కాబట్టి, బ్రెవే రోజు తినదలచుకున్నవాటినే ఆదివారాల్లో తిని చూడండి. ఒంటికి పడని పదార్థమేదో 60వ కిలోమీటరు దగ్గరే తెలిసిపోవాలి, 140వ కిలోమీటరు దగ్గర తెలిస్తే ఆ రోజంతా అవస్థే.

300 కోసం మూడు, నాలుగు వారాల విరామం చాలు. ఆ 200 కి.మీ.యే మీ పొడవైన శిక్షణ రైడ్ అవుతుంది కాబట్టి మధ్యలో మళ్లీ అంత దూరం అక్కర్లేదు. దాని గడువు ఇరవై గంటలు, అంటే కొంత దూరం చీకట్లో తొక్కక తప్పదు. అందుకని మధ్యలో వచ్చే ఒక శనివారం సాయంత్రం రికార్డుల పని ముగించుకుని, ముందు లైటు, వెనక లైటు, రిఫ్లెక్టివ్ జాకెట్‌తో తోడు ఒకరిని తీసుకుని చీకట్లో రెండు గంటలు తొక్కండి. లైటు బ్యాటరీ అసలు ఎంతసేపు వెలుగుతుందో ఆ రాత్రే గడియారం పెట్టి చూసుకోండి.