తాకేషి కితానో సినిమా ఎడిటింగ్‌కి మూలం మన్‌జాయేనా?

జపాన్ దర్శకుడు కితానో సినిమాలు బాగా తెలిసినవాళ్లు ఈ సందేహం తీర్చండి. మన్‌జాయ్ అంటే ఇద్దరు కలిసి మాటలతో నవ్వించే జపాన్ కామెడీ. ‘టూ బీట్’ అనే మన్‌జాయ్ జంటలో ఆయన బోకె, అంటే అడ్డదిడ్డంగా వాగేవాడు. ఆయన జోడీ కియోషి సుక్కోమి, అంటే ఆ మాట పట్టుకుని అడ్డుకునేవాడు. 1989లో దర్శకుడు కింజి ఫుకసాకు తప్పుకోవడంతో ‘వయొలెంట్ కాప్’ దర్శకత్వం కితానో మీద పడింది.

‘సొనాటిన్’ (1993)లో బీచ్ దగ్గర సుమో ఆట గుర్తుందా? ముందు కాగితం బొమ్మల్ని వేళ్లతో దరువేస్తూ ఆడిస్తారు. కట్ చేస్తే, ఇసుకలో మనుషులే ఆ బొమ్మల్లా బిగుసుకుపోయి గెంతుతుంటారు. మధ్యలో వివరణ లేదు. ‘హనా-బీ’ (1997)లో కొట్లాటలూ అంతే: కదలని మొహం, వెంటనే కిందపడ్డ మనిషి. దెబ్బ తగిలే క్షణం చాలాచోట్ల ఎగిరిపోతుంది. నాకైతే ఇది సుక్కోమి లేని జోకు. నవ్వాలో జడుసుకోవాలో చెప్పేవాడు ఉండడు.

1991 నుంచి ఎడిటింగ్ తనే చేసుకోవడం వల్ల వచ్చిందా ఇది, లేక మొదటి సినిమాలోనే ఉందా? ఉంటే ఏ సీన్లో? టూ బీట్ పాత వీడియోలు సబ్‌టైటిల్స్‌తో ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పండి. 1994 బైక్ ప్రమాదం తర్వాత మారారన్న జవాబు మాత్రం వద్దు, ‘సొనాటిన్’ అంతకు ముందుదే కదా.